బాదం చెట్టు తాగిన వాన

నాకు గణాంక శాఖలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు, నకరికల్లులో మా నాయనమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఏం పనే అది?" అని అడిగింది. శానా పనులుంటాయట, అందులో వాన కొలవడం ఒకటి అన్నాను.

"పడకముందా, పడ్డాకా?"

"పడ్డాకే నాయనమ్మా."

"పడ్డాక కొలిచేదానికి ఆఫీసు దేనికే? చేలో గడ్డపార దింపితే తడి ఎంత లోతు దిగిందో, పదునెంతో తెలవదా?"

నవ్వి ఊరుకున్నాను. సర్వీసంతా అయిపోయాక వెనక్కి తిరిగి చూసుకుంటే, మా శాఖను అంత సూటిగా ప్రశ్నించినవాళ్ళు ఏ మీటింగులోనూ కనపడలేదు.

నేను రిటైరై కొంతకాలమైంది. మండలాల్లో కొత్తగా చేరిన అమ్మాయిలూ అబ్బాయిలూ అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడం, అసలు ఈ ఉద్యోగంలో ఏం చూసుకోవాలి?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, బదిలీ ఆపుకోవడానికి ఎవరెవరి గుమ్మాలు తొక్కానో రాయను. ఆ బాధలు ఏ శాఖలో చేరినా ఒకటే. పంటల లెక్క, పశువుల లెక్క, ధరల లెక్క కూడా పక్కన పెడుతున్నాను. వాన సంగతి ఒక్కటే చెబుతాను. నా సర్వీసులో నేను నడుం బిగించి పోట్లాడింది దాని గురించే. నన్ను ఆ మండలంలో "వాన మేడమ్మ" అనేవాళ్ళు, కొందరు ముద్దుగానూ కొందరు మంటగానూ.

డబ్బా, గ్లాసు, మనిషి

చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఎమ్మార్వో ఆఫీసు ఆవరణలో ఒక మూల ముళ్ళకంచె ఉంటుంది. దాని మధ్యలో మోకాలి కిందకి వచ్చే గుండ్రటి డబ్బా. పైన గరాటు, లోపల సీసా. దాన్నే రెయిన్‌గేజి అంటారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఆ సీసాలో నీళ్ళను గీతల గ్లాసులో పోసి, కంటికి ఎదురుగా పట్టుకుని, ఏ గీత దాకా వచ్చాయో చూసి జిల్లాకు పంపాలి. అంతే పని.

"దీనికి డిగ్రీ కావాలా?" అంటారు. అక్కర్లేదు. రోజూ వెళ్ళాలి, అదే కష్టం. పండగైనా, జ్వరమొచ్చినా, చుక్క పడని ఎండాకాలమైనా వెళ్ళి ఖాళీ సీసా చూసి సున్నా రాయాలి. సున్నా రాయడానికి వెళ్ళడం ఎంత విసుగో చేసిన వాళ్ళకే తెలుసు.

కానీ ఆ గుక్కెడు నీళ్ళే మండలం మొత్తానికి సాక్షి. ఈ మండలంలో కరువుందా లేదా, చెరువుకు అలుగు ఎంత పెట్టాలి, వాగు మీద వంతెనకు నీళ్ళు పోయే ఖానాలు ఎంత పెద్దవి కావాలి, అన్నీ చివరికి ఆ గ్లాసు దగ్గరికే వస్తాయి. సాక్షి గుడ్డిదైతే తీర్పు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా?

సోమవారం వానలు

నేను మొదట చేరిన చోట పాత వాన లెక్కలు తిరగేస్తుంటే ఒక వింత కనపడింది. కుంభవృష్టి అనదగ్గ వానలు దాదాపు అన్నీ సోమవారాలే పడ్డాయి. మంగళవారం చినుకులు, బుధవారం చినుకులు, సోమవారం మాత్రం కుండపోత. మా సీనియర్ ఒకాయన్ని అడిగాను. ఆయన వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, "కోటప్పకొండ శివయ్య దగ్గర్లోనే ఉన్నాడమ్మా, సోమవారం కురవక ఏమయిద్ది?" అన్నాడు. అన్నాక కూడా నవ్వలేదు. ఆయన నిజంగానే నమ్మాడేమోనని నాకిప్పటికీ అనుమానం.

సంగతి చాలా మామూలుది. కొలిచే మనిషి ఆదివారం రాడు. రెండో శనివారం కూడా రాడు. సోమవారం వచ్చి సీసాలో ఉన్నదంతా గ్లాసులో పోసి, అది సోమవారం వానే అని రాసేస్తాడు. విడివిడిగా పడ్డ మామూలు వానలు కాగితం మీద కలిసిపోయి ఒక్క భయంకరమైన వాన అయి కూర్చుంటాయి. తర్వాత ఎవరో పెద్ద చదువుల వాళ్ళు వచ్చి, "ఈ ప్రాంతంలో ఆ రోజుల్లోనే అతి భారీ వానలున్నాయి, ఇప్పుడు కొత్తగా పెరిగిందేమీ లేదు" అని తేలుస్తారు. వాళ్ళ లెక్క తప్పు కాదు. వాళ్ళకు అందిన వానే తప్పు.

పెద్ద అంకె చూడగానే హడలిపోవద్దని అప్పుడు నేర్చుకున్నాను. చిన్న అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదని నేర్చుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

కంచె లోపల మొక్క

ఆ చాలా ఏళ్ళ తర్వాత నన్ను గురజాల వైపు ఒక మండలానికి వేశారు. పేరు చెప్పను. చెబితే అక్కడి వాళ్ళు ఇప్పుడు కూడా వాదనకు దిగుతారు.

ఆ మండలానికి వాన పడదని ప్రతీతి. ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా దానికొక కారణం చెప్పేవాళ్ళు. క్వారీల దుమ్ము మబ్బుల్ని చెదరగొడుతోందని ఒకరు. పేలుళ్ళ చప్పుడికి మబ్బు జడుసుకుంటోందని ఇంకొకరు. కృష్ణ అవతలి వాళ్ళు మన మబ్బులు కూడా లాక్కుంటున్నారని మూడో ఆయన. నిజానికి లెక్కల్లోనూ అలాగే కనపడేది. ఒకే ముసురులో చుట్టుపక్కల మండలాలన్నీ భారీ వాన అని రాస్తే, మాది మాత్రం ఓ మోస్తరు వాన. అదీ ఏటేటా కొంచెం కొంచెం తగ్గుతూ వస్తోంది.

నేను చేరిన వారంలోనే కారణం కనపడింది. కనపడకుండా ఎలా ఉంటుంది, రెయిన్‌గేజి నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నాటు బాదం చెట్టు!

దాని పుట్టుక కథ ఆఫీసులో అందరికీ తెలుసు. ఎప్పుడో ఒక వనమహోత్సవానికి అక్కడ అధికారిగా ఉన్న ఆయన మొక్క నాటాలి. ఆ ఆవరణలో ఏది నాటినా సాయంత్రానికి మేకలు నమిలేవి. అంతకు ముందు ఏడాది నాటినవన్నీ అలాగే పోయాయి. మేకలు దూరలేని చోటు ఆవరణ మొత్తానికి ఒకటే ఉంది, వాన డబ్బా చుట్టూ వేసిన ముళ్ళకంచె. ఎవరికో ఆ తెలివి తట్టింది. కంచె లోపల ఒక మూల బాదం మొక్క పెట్టారు, ఫోటో దిగారు, చెంబుతో నీళ్ళు పోశారు. మేకలు బయటి నుంచి చూసి వెళ్ళిపోయాయి. మొక్క బతికింది.

ఏ ఒక్క రోజూ అది పెరుగుతుంటే ఎవరూ చూడలేదు. అధికారులు మారారు, చెట్టు అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు పరిచింది. నేను వెళ్ళేసరికి దాని నీడలో బైకులు పెట్టుకుంటున్నారు, మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుంటున్నారు. నేనూ విప్పుకున్నాను, నీడ చల్లగా ఉండేది మరి.

డబ్బా దగ్గర్లో చెట్టు, గోడ ఏదీ ఉండకూడదని రూలు. ఆ సంగతి పైకి రాశాను. చెట్లను నరకరాదని ఒక సర్క్యులర్ జవాబుగా వచ్చింది. నేను నరుకుతానని ఎక్కడన్నానో నాకు అర్థం కాలేదు. చెట్టు కొంత వాన ఆపుతుందని తెలుసు గానీ ఎంత ఆపుతుందో నాకూ తెలియదు. తెలిసేదాకా ఎవరినీ ఒప్పించలేను.

తడవని టీచరు

ఆషాఢంలో ఒక రోజు, వాన దంచి కొట్టి కాస్త జోరు తగ్గుతుండగా మరియమ్మ టీచరు మా ఆఫీసుకు వచ్చారు. వాగుకు అవతల ఉన్న ఊరిని అందరూ అవతలిపాలెం అనేవాళ్ళు. ఆమె అక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఇవతల కాపురముండి రోజూ వాగు దాటి వెళ్ళేవారు. అవతలిపాలెంలో పై తరగతుల పిల్లలు అటు నుంచి ఇటు హైస్కూలుకు వచ్చేవాళ్ళు. దాటేది పాత చప్టా మీదుగా. రోడ్డుకు సమానంగా సిమెంటు పరిచి, కింద మూడు తూములు పెట్టారు. గట్టి వాన పడితే వాగు ఆ తూముల్లో పట్టక చప్టా మీద నుంచి పారేది.

దాని బదులు వంతెన కావాలని ఊరివాళ్ళు అడిగితే, ఇంజనీర్లు మండలంలో ఒక్క రోజులో పడ్డ అతి పెద్ద వాన ఎంతో మా లెక్కల్లోంచి తీసుకున్నారు. ఆ వానకు వంతెన అక్కర్లేదు, చప్టాను కాస్త ఎత్తు లేపితే చాలని తేలింది. టీచరు వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగితే, వాన లెక్క మాది కాదు, అక్కడ అడగండి అని నా దగ్గరికి పంపారు.

ఆమె లోపలికి రాగానే తువ్వాలు అందించాను. "తుడుచుకోండి టీచరు గారూ."

"అక్కర్లేదు మేడం. ఆటో దిగంగానే కుమ్మేసింది. ఆ బాదం చెట్టు కిందకి ఉరికా. జోరు తగ్గిందాకా ఆడే నిలబడ్డా. చుక్క పడలా."

నేను ఆమె చీర వంక చూశాను. భుజం పొడిగా ఉంది. అంచు మాత్రం బురదయింది.

"చెట్టు కింద ఎక్కడ నిలబడ్డారు?"

"కంచెని ఆనుకుని. లోపల ఏందో డబ్బా ఉంది, దాని పక్కనే."

నా ముఖం చూసి ఆమెకు విషయం వెలిగింది. తువ్వాలు బల్ల మీద పెట్టి, "అదేనా మేడం మీరు వాన కొలిచేది?" అన్నారు.

"అదే."

"అయితే అది కూడా నాలాగే తలదాచుకుందన్నమాట."

ఇద్దరం పగలబడి నవ్వాం. పక్క గదిలో వాళ్ళు తొంగి చూశారు. నవ్వాగాక ఆమె అసలు మాట చెప్పారు. "పెద్దపిల్లలు చప్టా మీద చేతులు చేతులు పట్టుకుని దాటుతున్నారు మేడం. నీళ్ళు మోకాళ్ళ మీదకి వస్తున్నాయి. ఇంతవరకు ఎవరూ పోలా. ఎవరన్నా పోతే ఫైలు దానంతటదే కదిలిద్ది, నాకు తెలుసు. పోకముందే కదిలించండి, మీకు పుణ్యముంటది."

ఆ మాట విన్నాక ఆ బాదం నీడలో నాకు అన్నం సయించలేదు. పైకి రాశాం కదా, జవాబు రాలేదు కదా అని కూర్చోవడం ఇక నావల్ల కాదనిపించింది. స్టోరులో ఒక రెయిన్‌గేజి వాడకుండా పడి ఉంది. దాన్ని ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పెట్టించాలని నిశ్చయించుకున్నాను. అక్కడ చెట్టూ లేదు, గోడా లేదు, ఆకాశం మాత్రమే ఉంది.

"ఉన్న కరువును తీసేస్తావా?"

డబ్బా ఇంకా కదలలేదు, కబురు మాత్రం మండలమంతా పాకింది. హస్త కార్తెలో కోటయ్య బాబాయ్ వచ్చాడు. అవతలిపాలెం మిరప రైతు, ఊళ్ళో పెద్దమనిషి. కండువాతో కుర్చీ దులుపుకుని కూర్చున్నాడు.

"ఏందమ్మా, ఆ డబ్బా జరుపుతున్నావంట? ఉన్న కరువును తీసేస్తావా ఏంది?"

"కరువు తీసేయడమేంటి బాబాయ్?"

"డబ్బా బయట పెడితే వాన ఎక్కువ పడినట్టు రాస్తావు. ఎక్కువ రాస్తే మనది కరువు మండలం కాదంటారు. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దోళ్ళు, అప్పటికీ వాన లేకపోతే గంపెత్తుకుని ఊరొదలమని. ఉత్తర పోయి హస్త వచ్చింది, చేలో చెమ్మ లేదు, మిరప నారు మాడిపోతంది. ఇప్పుడు నువ్వొచ్చి వాన బాగానే పడిందని రాస్తే మేం యాడికి పోవాల?"

"మీ ఊరి పిల్లలే కదా బాబాయ్ చప్టా దాటేది. వాన తక్కువని రాస్తే వంతెన రాదు."

"వంతెన కావాల. కరువూ కావాల. రెండూ రాయి."

"నేను ఎక్కువ రాయను, తక్కువ రాయను. పడ్డది రాస్తాను."

"పడ్డది ఎవరిక్కావాలమ్మా? ఆషాఢంలో ఒక్క పూట కుమ్మి వాగులో కలిసి పోయింది. చేనుకు అందింది ఎంతో అది రాయి."

నాయనమ్మ గడ్డపార తగిలినట్టయింది నాకు. ఆయన తప్పుడు లెక్క రాయమంటున్నాడు, కానీ ఆయన కరువు అబద్ధం కాదు. మీకూ ఇలాంటి బాబాయిలు వస్తారు. కసురుకోకండి. అంకె మార్చవద్దు, కానీ ఆయన చెప్పేది చివరి దాకా వినండి. నేను ఆయనకు టీ తెప్పించి, "డబ్బా జరపడం మాత్రం ఆగదు బాబాయ్" అన్నాను. ఆయన టీ తాగాడు గానీ వెళ్ళేటప్పుడు నాతో మాట్లాడలేదు.

పెద్దసారు చేతిలో గ్లాసు

ఇక్కడొక చిక్కు. ఆ బాదం మొక్క నాటిన అధికారి ఇప్పుడు జిల్లాలో మాకు పెద్దసారు. ఎప్పుడు మా మండలానికి వచ్చినా లోపలికి రాకముందే చెట్టు దగ్గరికి వెళ్ళి బోదె మీద చెయ్యేసి, "ఇంత మొక్కమ్మా అప్పుడు" అని చిటికెన వేలు చూపించేవారు. మంచి మనిషి. అలాంటాయనకు, మీ చెట్టు మండలం వాననంతా తాగుతోందని ఎలా చెప్పాలి?

కాగితం మీద చెప్పకూడదని మాత్రం తెలుసు. కాగితానికి కాగితమే జవాబు వస్తుంది. చిత్త కార్తెలో ఆయన ఇన్‌స్పెక్షన్‌కు వచ్చి ఆ ఊళ్ళోనే ఆగారు. అప్పటికి వెనక స్థలంలో రెండో డబ్బా పెట్టించి ఉన్నాను. ఆ సంగతి చెప్పగానే ముఖం ముడుచుకున్నారు.

"ఒక మండలానికి రెండు వానలేందమ్మా? పేపరోళ్ళు వింటే నవ్వుతారు."

"వాన ఒకటే సార్. డబ్బాలే రెండు. పొద్దున మీరే ఒకసారి కొలిచి చూడండి."

అదృష్టం కొద్దీ తెల్లవారుజామున వాన పడింది. ఆయన టిఫిన్ కూడా చేయకుండా వచ్చారు. మొదట చెట్టు కింద డబ్బాలోని సీసా తీసి గ్లాసులో పోశారు. సగం దాకా వచ్చింది. చదివారు, రాయించారు. తర్వాత వెనక్కి వెళ్ళి రెండో సీసా తీశారు. గ్లాసు నిండింది. పారబోసి మళ్ళీ పోశారు, మళ్ళీ నిండింది. సీసాలో ఇంకా ఉన్నాయి. గ్లాసును మళ్ళీ కంటికి ఎదురుగా ఎత్తి చూశారు.

"నా చెట్టు చానా తాగిందే," అన్నారు చివరికి.

ఆ సమయంలో నోరు మూసుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

"కొట్టేయమంటావా?" చెట్టు వైపు తిరిగి అడిగారు.

"వద్దు సార్. చెట్టేం చేసింది? అది నీడ ఇమ్మంటే ఇచ్చింది. డబ్బానే జరుపుదాం. కానీ కొన్నాళ్ళు రెండూ కొలుద్దాం. లేకపోతే వాన ఒక్కసారిగా పెరిగిందని, అది నేను తెచ్చానని అంటారు."

ఆయన నవ్వేశారు. అనుమతి ఇచ్చారు. ఆ ముసురంతా, మళ్ళీ వచ్చిన తొలకరంతా రెండు డబ్బాలూ కొలిచాం. చిన్న చినుకు పడితే చెట్టు కింద డబ్బాలోకి అసలు చేరేది కాదు, ఆకులే తాగేసేవి. గాలివాన ఏటవాలుగా కొడితే ఎక్కువ భాగం చెట్టు మీదే ఆగిపోయేది. అప్పుడప్పుడూ ఆకు చివర ధార సూటిగా గరాటులో పడి లెక్క ఎక్కువ చూపించేది కూడా. మీరూ ఎప్పుడైనా డబ్బా జరపాల్సి వస్తే పాతదాన్ని వెంటనే పీకేయకండి. రెండూ పక్కపక్కన కొన్నాళ్ళు నడిస్తేనే పాత లెక్కలో ఎంత నిజముందో తెలుస్తుంది.

ఈ జంట కొలతలూ, చుట్టుపక్కల మండలాల వానలూ జతచేసి ఇంజనీర్లకు పంపాను. అక్కడి ఆయన ఫోన్ చేసి, "మీరిచ్చిన అంకె మీదే గదా మేడం మేం కట్టేది. ముందే చెబితే ముందే మార్చేవాళ్ళం," అన్నారు. ముందు చెబితే చెట్లు నరకరాదని సర్క్యులర్ వచ్చిందని ఆయనకు చెప్పలేదు. చప్టా ఎత్తు పెంచే ఆలోచన పోయి పెద్ద ఖానాలతో వంతెన ఖాయమైంది.

వాన పెరిగిందా, తగ్గిందా?

ఈ ప్రశ్న మిమ్మల్ని అందరూ అడుగుతారు. నేను శాస్త్రవేత్తను కాను. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా రకరకాల మండలాల్లో పొద్దున్నే సీసాలు ఎత్తి చూసిన మనిషిని. నాకు కనపడింది చెబుతాను. ఏడాది మొత్తం కలిపితే ఒక ఏడు పెరిగినట్టు, ఒక ఏడు తగ్గినట్టు ఉంటుంది, పెద్దగా ఏమీ తేల్చలేం. కానీ సీసాలో నీళ్ళున్న ఉదయాలు తగ్గాయి. ఉన్న ఉదయాల్లో గ్లాసు మళ్ళీ మళ్ళీ నింపాల్సి వస్తోంది. చిలకలూరిపేటలో రోడ్లు మునిగిన రోజు నడికుడిలో దుమ్ము లేస్తుంటుంది. ఏడాది కూడంతా ఒకే పూట వడ్డించి తక్కిన రోజులు పస్తు పెడితే, సగటు లెక్కలో భోజనం బాగానే పెట్టినట్టు. కడుపుకి మాత్రం తెలుస్తుంది.

అందుకని ఎంత పడిందని ఒక్కటే అడగకండి. ఎన్నాళ్ళలో పడింది, ఒక్క పూటలో ఎంత పడింది, మధ్యలో ఎన్నాళ్ళు ఎండగట్టింది అని కూడా చూడండి. మా మండలానికి ఆ మధ్య ఎండిన రోజుల లెక్క కూడా కట్టి పంపాను. కరువు చూసేటప్పుడు అదీ చూస్తారు. డబ్బా బయటికి వచ్చినా, వాన అంకె పెరిగినా, ఆ ఏడు మాది కరువు లిస్టులోనే ఉంది. కోటయ్య బాబాయ్ బజారులో ఎదురై, "అయితే నా కరువు నాకుందన్నమాట" అని పెద్ద బరువు దిగినట్టు నవ్వాడు. కరువు మిగిలిందని సంతోషపడ్డ మనిషిని చూసి నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ నవ్వాను.

ఇప్పుడు మీ దగ్గర ఆటోమేటిక్ యంత్రాలున్నాయి. ఎండైనా వానైనా స్క్రీను మీద వచ్చేస్తుంది. మంచిదే, కానీ నా చివరి రోజుల్లో ఒకసారి బయట కుండపోతగా కురుస్తుంటే స్క్రీను మీద సున్నా చూపించింది. వెళ్ళి మూత తీస్తే లోపల కందిరీగలు గూడు కట్టుకుని ఉన్నాయి. ఒకటి కుట్టింది కూడా. స్క్రీను చూడండి, తర్వాత లేచి వెళ్ళి డబ్బా కూడా చూడండి.

నా పేరు మీద ఒక మొక్క

నేను రిటైరయ్యే నెలలో వాయుగుండం పట్టింది. వంతెన ఆ ఎండాకాలమే పూర్తయింది. ఒక పగలూ రాత్రీ ఎడతెరిపి లేకుండా కురిసి తెల్లారేసరికి వెలిసింది. సీసా నిండి పొర్లి, బయటి డబ్బాలోకి కూడా నీళ్ళు దిగాయి. అవి కూడా వదలకుండా కొలిచాను. నా సర్వీసులో ఒక్క రోజుకు అంత వాన ఎప్పుడూ రాయలేదు. రాసి పంపి, ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఎవరు చేస్తారో, ఏం చెబుతారోనని.

మరియమ్మ టీచరు చేశారు.

"మేడం, వంతెన మీద నిలబడి మాట్లాడుతున్నా. పాత చప్టా ఉన్న ఎత్తు మీద ఇద్దరు మనుషుల లోతున పోతంది వాగు. కానీ కిందే పోతంది. పెద్దపిల్లలు అందరూ దాటారు. చెప్పులు కూడా తడవలా."

ఇంతలో ఆమె దగ్గర ఎవరో ఫోన్ లాక్కున్నారు.

"ఏమ్మా వాన మేడమ్మా, ఎంత పడిందేంది?" కోటయ్య బాబాయ్ గొంతు.

చెప్పాను.

"అంతేనా? ఇంకా ఎక్కువే పడుంటది. మళ్ళీ పోయి చూడు, ఏ చెట్టన్నా అడ్డమొచ్చిందేమో!"

వాన తక్కువ రాయమని వచ్చిన మనిషి! నవ్వుకుంటూ ఆయన మాట కోసం వెనక స్థలంలోకి వెళ్ళాను. కొత్త డబ్బా చుట్టూ వేయించిన కంచె లోపల ఒక మూల మావాళ్ళు ముగ్గురు గుమిగూడి ఉన్నారు. నన్ను చూసి గతుక్కుమన్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర, పుల్లకు దారంతో కట్టిన లేత బాదం మొక్క. దాని ముందు చిన్న రేకు మీద రంగుతో నా పేరు.

"మీ రిటైర్మెంటుకు గుర్తుగా మేడం. ఆ రోజు చూపించి సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాం. నేల పదును మీద ఉంది గదా అని ఇవాళే పెట్టేశాం."

"ఇక్కడే ఎందుకు పెట్టార్రా?"

"ఇక్కడైతే మేకలు తినవు గదా మేడం."

కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, చివరికి కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. అంత ప్రేమగా పెట్టిన మొక్కను నా చేతులతోనే మట్టిబెడ్డతో సహా పెకిలించాను. రేకు తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. ఆటో ఎక్కి, వంతెన మీదుగా వాగు దాటి, అవతలిపాలెం బడికి వెళ్ళాను.

బడి ఆవరణలో మొక్క పెట్టడానికి చోటు చూశాం. టీచరు గడ్డపార తెప్పించారు. కోటయ్య బాబాయ్, "ఇటియ్యమ్మా" అని అందుకుని గుంట తవ్వసాగాడు. మొదటి దెబ్బలకు బురద చిమ్మింది. తర్వాత గడ్డపార ఖంగుమంది. వంగి చూశాం. జానెడు లోతు దాకా తడి. ఆ కింద పొడి మట్టి.

నా గ్లాసులు నిండి పొర్లిన వాన అది. నేల తడిసింది మాత్రం జానెడు. మిగతాదంతా మా వెనకే, మేం ఇంత పోట్లాడి కట్టించుకున్న వంతెన కింద నుంచి హోరుమంటూ పోతోంది.

బాబాయ్ ఆ పొడి మట్టి పిడికెడు తీసి నా అరచేతిలో పోశాడు.

"ఇది కూడా రాయమ్మా," అన్నాడు.

మా ఫారంలో దానికి గడి లేదు. అందుకే ఇక్కడ రాశాను.